తరాల నవలల్లో మనవళ్ల వంతు వచ్చేసరికి ఎందుకీ తొందర?

అటక_మీది_పుస్తకం
నాలుగైదు తరాల కుటుంబ కథ చెప్పే లావుపాటి నవలలంటే నాకు మొదటి నుంచీ ప్రీతి. మొదటి పుటల్లో వంశవృక్షం పటం కనిపిస్తే చాలు, వెల చూడకుండా కొనే బలహీనత కూడా ఉంది. అయినా కొంతకాలంగా ఒక అసంతృప్తి నన్ను వదలడం లేదు. ఈ నవలల్లో ముత్తాత ఊరికి వస్తాడు, ఇల్లు కడతాడు, నలుగురితో తగవు పెట్టుకుంటాడు. ఆయన ఏం తిన్నాడో, ఎవరి మీద అలిగాడో, ఎవరికి ఎంత బాకీ పడ్డాడో మనకు తెలుస్తుంది. తాత కథ కూడా దాదాపు అంత నిదానంగానే సాగుతుంది. మనవడి తరం వచ్చేసరికి మాత్రం రచయితకు రైలు వేళ అయిపోయినట్లు ఉంటుంది. ఒక పేరాలో చదువు, మరొక పేరాలో ఉద్యోగం, ఆ తరువాతి పేరాలో పెళ్లి, అంతటితో సరి.

ఆఫ్రికా నుంచి అమెరికాకు బానిసగా తెచ్చిన ఒక మనిషి వంశ కథ చెప్పే అలెక్స్ హేలీ ‘ఏడు తరాలు’ చదివిన వారు ఎవరైనా సరే, గుర్తున్న పేర్లు చెప్పమంటే కుంటా కింటే, అతని కూతురు కిజ్జీ, ఆమె కొడుకు కోడిపందేల జార్జి అని మూడింటితో ఆగిపోతారు. పేరులో ఏడు తరాలున్నా మన మనసులో మిగిలినవి మూడే. ఇది రచయితల అలసటా, లేక ఈ ప్రక్రియలోనే ఉన్న లోపమా? చాలా చదివిన వారు ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

సగంలో_ఆపినవాడు
నేను ఏ నవలలోనూ రెండవ తరం దాటి వెళ్లలేదు కనుక, ఈ బాధ ఇంతవరకు నా అనుభవంలోకి రాలేదు.

రేపల్లె_పాసింజర్
ఒక విషయం గమనించాలి. మనలో ఎక్కువమంది చదివిన ‘ఏడు తరాలు’ సహవాసి గారు చేసిన సంక్షిప్త అనువాదం. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలి రోజుల్లో వేసిన పుస్తకాల్లో అది ఒకటి. ఇంగ్లీషు మూలంలో 120 అధ్యాయాలున్నాయి. కుదించే పనిలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు. కాబట్టి ఆ పుస్తకాన్ని చూపి రచయిత తొందరపడ్డాడని అనడం అలెక్స్ హేలీకి అన్యాయం చేయడమే అవుతుంది.

తెల్లారిందాకా_చదువు
మూలం చదివిన దానిగా చెబుతున్నాను, అటక గారి ఫిర్యాదు అక్కడ కూడా నిలుస్తుంది. 120 అధ్యాయాల్లో సుమారు మూడింట రెండు వంతుల వరకు కుంటా కథే నడుస్తుంది. గాంబియాలోని జుఫూరే గ్రామంలో అతని పుట్టుకతో మొదలై, డోలు చేసుకోవడానికి కలప కోసం అడవికి వెళ్లి 1767లో పట్టుబడటం, ఓడ ప్రయాణం, పారిపోయే ప్రయత్నాలు, పాదం సగం నరికివేయడం వరకు ఒక్కొక్క రోజును మన చేత బతికిస్తాడు.

అందులో ఒక ఘట్టం చెప్పాలి. తన వయసు లెక్క తప్పకుండా ఉండేందుకు కుంటా ప్రతి నెలపొడుపుకీ ఒక గులకరాయిని సొరకాయ బుర్రలో వేస్తూ వస్తాడు. పదహారేళ్ల కిజ్జీని యజమాని అమ్మివేసిన రోజున, ఆమె అడుగు పడిన చోటి దుమ్మును దోసిట్లోకి ఎత్తుకుని, దాన్ని దాచడానికి పాత్ర కోసం వెతుకుతూ ఆ సొరకాయ బుర్రను చూస్తాడు. దుమ్ము దాచినంత మాత్రాన కూతురు తిరిగి రాదని ఆ క్షణంలో తట్టి, బుర్రను నేలకేసి కొడతాడు. ఏళ్ల తరబడి కూడబెట్టిన రాళ్లన్నీ చెల్లాచెదురవుతాయి. ఆ తరువాత కుంటా ఏమయ్యాడో పుస్తకం చెప్పదు. కథ కిజ్జీతో బండి ఎక్కి వెళ్లిపోతుంది, ఆమెకు తెలియనిది మనకూ తెలియదు. నా దృష్టిలో నవల శిఖరం అదే. అంత ఎత్తు చూపించిన తరువాత జార్జి కొడుకు టామ్ కమ్మరి పని ఎంత నేర్పుగా చేశాడో చెబితే మనసు ఎక్కడం లేదు.

రేపల్లె_పాసింజర్
జార్జి భాగం అంత చప్పగా ఉందంటే నేను ఒప్పుకోను. కోడిపుంజులను మేపే పద్ధతి, పందేల్లో చేతులు మారే డబ్బు, తండ్రే యజమాని అయిన వాడి ఇబ్బంది, ఇవన్నీ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. సంక్రాంతి బరులు చూసిన వారికి ఆ భాగం మరింత బాగా అర్థమవుతుంది.

పాత_సంచికలు
ఆ పుస్తకాన్ని అసలు నవల అనాలా, చరిత్ర అనాలా అన్న తగాదా కూడా ఉంది. హెరాల్డ్ కోర్లాండర్ రాసిన ‘ది ఆఫ్రికన్’ అనే నవలలోని భాగాలు ఇందులో ఉన్నాయని దావా పడితే 1978లో కోర్టు బయట పరిష్కారమైంది. హేలీ చెప్పిన వంశక్రమాన్ని పరిశోధకులు తరువాత గట్టిగానే ప్రశ్నించారు. నేను దాన్ని నవలగానే చదువుతాను. చర్చను దారి మళ్లించే ఉద్దేశం లేదు, దీన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

మూడో_అంతస్తు
లోపం ప్రక్రియలో లేదని చెప్పడానికి నా దగ్గర ఒక బలమైన సాక్ష్యం ఉంది: థామస్ మన్ రాసిన ‘బడెన్‌బ్రూక్స్’. 1901లో ఆ నవల వెలువడేనాటికి ఆయన వయసు ఇరవై ఆరు. 1929లో నోబెల్ బహుమతి ఇస్తూ ప్రత్యేకంగా పేర్కొన్నది కూడా ఈ నవలనే. ధాన్యం వ్యాపారం చేసే ఒక జర్మన్ కుటుంబం నాలుగు తరాల్లో ఎలా చితికిపోయిందో చెప్పే కథ ఇది.

నాలుగవ తరం వాడైన హానో బక్కపలచని పిల్లవాడు, వ్యాపారం పట్టదు, సంగీతమే లోకం. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు తరతరాలుగా రాసుకుంటూ వచ్చిన కుటుంబ పుస్తకం ఆ ఇంట్లో ఉంటుంది. ఒకనాడు హానో దాన్ని తెరిచి, తన పేరు కింద బద్ద పెట్టి చక్కగా రెండు గీతలు గీస్తాడు. తండ్రి చూసి నిలదీస్తే, ఇక ముందు ఏమీ ఉండదనుకున్నానని తడబడుతూ జవాబు చెబుతాడు. ఒక తరం మొత్తాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన రచయిత మరొకరు నాకు కనిపించలేదు.

అయితే మన్ అక్కడితో ఆపలేదు. నవల చివరికి వచ్చాక హానో బడిలో గడిపిన ఒక్క రోజును తీసుకుని, పొద్దున్న మంచం మీద నుంచి లేవలేకపోవడం దగ్గర నుంచి, ఉపాధ్యాయుల అదిలింపులు, సాయంత్రం పియానో ముందు కూర్చోవడం వరకు తీరికగా రాసుకుంటూ పోయాడు. ఆ వెంటనే వచ్చే అధ్యాయంలో పిల్లవాడి పేరైనా ఎత్తకుండా, టైఫాయిడ్ జ్వరం మనిషిని ఎలా పట్టుకుంటుందో వైద్య గ్రంథంలోలాగా వివరించాడు. అది చదివి కొంతసేపు పుస్తకం పక్కన పెట్టాను. చివరి తరానికి నిదానమూ దక్కింది, క్లుప్తతా దక్కింది. రాయగలిగిన వాడికి ప్రక్రియ అడ్డు రాదు.

అటక_మీది_పుస్తకం
మూడో అంతస్తు గారూ, ఇది బాగుంది కానీ నా ప్రశ్నను మరింత జటిలం చేశారు. హానోకు అంత చోటు దక్కింది ఆ వంశం అతనితో అంతరిస్తోంది కనుకనే. అంతరించని కుటుంబాల మాటేమిటి? మనవడు చక్కగా చదువుకుని, ఉద్యోగంలో చేరి, పిల్లలను కని సుఖంగా ఉంటే, వాడి గురించి రాయడానికి రచయితలకు ఏమీ దొరకదా?

సగంలో_ఆపినవాడు
వాడు గృహరుణం వాయిదాలు కట్టుకుంటూ ఉంటాడు. దాని మీద వెయ్యి పుటలు ఎవరు చదువుతారు?

నల్లరేగడి
నాకు తోచిన కారణం వేరే ఉంది. తరాల నవలకు ఒక ఇల్లు కావాలి, లేదా ఒక భూమి చెక్క కావాలి. మనుషులందరూ తిరిగి తిరిగి ఒక చోటికి వస్తేనే రచయిత వారిని ఒకరికొకరు ఎదురుపడేలా చేయగలడు. మలయాళ రచయిత తకళి శివశంకర పిళ్ళై ‘కయర్’ కేరళలోని కుట్టనాడు ప్రాంతపు అనేక కుటుంబాలను రెండు శతాబ్దాలకు పైగా నడిపిస్తుంది. అది భూములను వర్గీకరించే సర్కారు అధికారి ఊళ్లోకి దిగడంతో మొదలవుతుంది. ఎవరి పేరున ఏ నేల రాస్తాడో అన్న ఆత్రుత ఒక్కటి చాలు, ఆ ఊరి కుటుంబాలన్నీ మనకు పరిచయమైపోతాయి. భూమి చేతులు మారినంత కాలం కథ చేవగా ఉంటుంది.

మూడవ తరంలో భూమి అమ్ముడైపోతుంది. ఒకడు బెంగళూరులో, ఒకతె మెల్‌బోర్న్‌లో, పెద్దవాడు విజయవాడలో. వారిని ఒక్క చోటికి చేర్చాలంటే రచయితకు చావో పెళ్లో తప్ప దారి లేదు. అందుకే మన తరాల నవలల ఆఖరి అధ్యాయాల్లో దినకార్యాలు అన్ని కనిపిస్తాయి.

చంద్రలత గారి ‘రేగడి విత్తులు’ నాకు నచ్చడానికి కారణం కూడా ఇదే. కోస్తా రైతు కుటుంబం సొంత నేలను వదిలి తెలంగాణ నల్లరేగడికి తరలివెళ్లడమే అక్కడ కథ. వలసను ఆమె ముగింపులో విసిరేయలేదు, మధ్యలో నిలబెట్టి పని చేయించారు. అందులోని వ్యవసాయం చదివితే, చేను చూసిన మనిషే రాశారని తెలిసిపోతుంది.

గోదారి_రేవు
దినకార్యాల మాట నూటికి నూరుపాళ్లు నిజం. పదకొండవ రోజు భోజనాల దగ్గర ఆస్తి తగాదా మొదలైతే, ఇంకా నలభై పుటలే ఉన్నాయని నాకు అర్థమైపోతుంది.

వంటింటి_అలమర
ఇంతవరకు మాట్లాడిన వారందరూ ముత్తాత, తాత, మనవడు అనే వరుసలోనే మాట్లాడుతున్నారు, అసలు చిక్కు అక్కడే ఉంది. చాలా తరాల నవలల్లో ఆడపిల్లకు పెళ్లి కాగానే ఆమె ఇంట్లో నుంచే కాక నవలలో నుంచి కూడా అత్తవారింటికి వెళ్లిపోతుంది. మళ్లీ పురిటికో పుస్తెలు తాకట్టు పెట్టడానికో వస్తే తప్ప ఆమె ముఖం కనబడదు. సగం మందిని ప్రతి తరంలోనూ గడప దాటించి పంపించేస్తే, మూడవ తరం నాటికి కథ పలచబడక ఏమవుతుంది?

బెంగాలీ రచయిత్రి ఆశాపూర్ణాదేవి ఈ లెక్కను తిరగరాశారు. ‘ప్రథమ ప్రతిశ్రుతి’, ‘సువర్ణలత’, ‘బకుల్ కథ’ అనే మూడు నవలలు తల్లి, కూతురు, మనవరాలి కథలు. మొదటిది 1964లో వచ్చింది, దానికే 1976 సంవత్సరపు జ్ఞానపీఠం లభించింది. అందులోని తల్లి సత్యవతి తన చిన్నారి కూతురు సువర్ణలతను చదివించాలని ఎంతో తపిస్తుంది. ఆమెకు తెలియకుండా ఆ పిల్లకు పెళ్లి చేసేస్తారు. సత్యవతి అరిచి గోల చేయదు, సంసారం వదిలి కాశీకి వెళ్లిపోతుంది. మగవారి వంశవృక్షంలో ఈ సంఘటన ఒక చిన్న కొమ్మ విరిగినట్లు కూడా కనిపించదు. ఇక్కడ మాత్రం రెండవ నవల మొత్తం దాని మీదే నిలబడింది.

సువర్ణలత కోరికలు ఎంత చిన్నవో చూడండి. కొత్తగా కడుతున్న ఇంట్లో వీధి కనబడే వరండా ఒకటి కావాలని భర్తను అడుగుతుంది. ఉంటుందని నమ్మించి తీసుకువెళతాడు, గృహప్రవేశం నాడు ఆమె గదులన్నీ తిరిగి వెతుకుతుంది, అది ఎక్కడా ఉండదు. రాజ్యాలు పోయిన నవలలు చదివినప్పుడు కూడా నాకు ఇంత కోపం రాలేదు. మా అమ్మమ్మకు ఈ ఘట్టం కథగా చెబితే ఆమె నవ్వి, తమ ఇంట్లో వరండా ఉండేదని, అక్కడ నిలబడటానికి మాత్రం వీల్లేదని అన్నది.

పాత_సంచికలు
వంటింటి అలమర గారి టపాకు నా పూర్తి సమ్మతి, ఒక్క మినహాయింపుతో. మూడవదైన ‘బకుల్ కథ’ మిగిలిన రెండింటి ముందు పలచగానే ఉంటుంది. బకుల్ రచయిత్రి అవుతుంది, అనామికాదేవి అనే పేరుతో రాస్తుంది, చుట్టూ ఉన్న కొత్త కాలపు అమ్మాయిలను గమనిస్తూ ఉంటుంది. ఆమె సొంత కథ మాత్రం దాదాపు చేతికి అందదు. తరానికొక సంపుటం ఇచ్చినా మూడవ తరం జారిపోయిందంటే, అటక గారి అనుమానానికి బలం చేకూరినట్లే.

వంటింటి_అలమర
అమ్మమ్మ, అమ్మ పోరాడి సంపాదించి పెట్టిన స్వేచ్ఛ చేతికి వచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియని తరం బకుల్‌ది. ఆ తెలియకపోవడాన్ని ఆశాపూర్ణాదేవి ఉన్నదున్నట్లు రాశారు. తన కథ చెప్పలేకపోవడమే బకుల్ కథ. మీకు పలచగా కనిపించినది నాకు నిజాయితీగా కనిపించింది.

పాత_సంచికలు
నిజాయితీ ఉన్న పుస్తకం కూడా పలచగా ఉండవచ్చు. ఈ విషయంలో మన దారులు వేరు.

తెల్లారిందాకా_చదువు
ఈజిప్టు రచయిత నజీబ్ మహఫూజ్ కైరో నవలాత్రయం కూడా ఈ సందర్భంలో తలచుకోవలసినదే. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి రెండవది ముగింపుకు వచ్చే వరకు ఒకే కుటుంబం. అర్ధరాత్రి వేళ నిద్ర లేచి, విలాసాలు ముగించుకుని ఇంటికి వచ్చే భర్త కోసం దీపంతో ఎదురుచూసే అమీనాతో కథ మొదలవుతుంది. మూడవ సంపుటంలో ఆమె మనవళ్లు ఇద్దరు, ఒకడు మతవాద రాజకీయాల్లో, మరొకడు కమ్యూనిస్టుల్లో చేరి, చివరికి ఇద్దరూ ఒకేసారి అరెస్టు అవుతారు. మూడు సంపుటాల్లో ఆ మూడవదే అన్నిటికన్నా చిన్నది. నాకు అది లోపంగా తోచలేదు. ఇల్లు చిన్నదై వీధి పెద్దదయ్యే కాలం కనుక కుటుంబానికి పుటలు తగ్గడం సహజమేననిపించింది.

కాకతీయ_కాలువ
అదే పనిని మన దగ్గర అంపశయ్య నవీన్ గారు చేశారు. ‘కాలరేఖలు’, ‘చెదిరిన స్వప్నాలు’, ‘బాంధవ్యాలు’ అనే మూడు నవలలు నిజాం పాలన చివరి రోజుల నుంచి ఒక తెలంగాణ కుటుంబాన్ని అర్ధ శతాబ్దం పాటు నడిపిస్తాయి. ‘కాలరేఖలు’కు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రజాకార్ల భయం, సాయుధ పోరాటం, పోలీసు చర్య, ఇవన్నీ మా తాతల నోట విన్నవే కనుక మొదటి సంపుటం నన్ను కట్టిపడేసింది. చివరిదానికి వచ్చాక అంత ఉద్వేగం కలగలేదు. అయితే అది రచయిత తప్పు అనుకోవడం లేదు. ఆ సంపుటంలోని కాలం నాకూ తెలుసు కనుక, ప్రతి పుటలోనూ ఆయనతో వాదన పెట్టుకుంటూ చదివాను. తాతల కాలం విషయంలో ఆ వెసులుబాటు మనకు లేదు, చెప్పింది నమ్ముతాం.

అటక_మీది_పుస్తకం
కాకతీయ కాలువ గారు అన్నది నన్ను ఆలోచింపజేస్తోంది. తెలిసిన కాలానికి మనం కఠినమైన పరీక్షకులమవుతామన్న మాట.

మాకొండో_పాలెం
ఇన్ని టపాలు గడిచినా మార్క్వెజ్ పేరు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. 1967 నాటి ‘వంద సంవత్సరాల ఏకాంతం’లో ఏ తరంలో చూసినా ఔరేలియానోలు, హోసే ఆర్కాదియోలే. వారిలో కల్నల్ ఔరేలియానోకు వేరు వేరు తల్లుల ద్వారా పుట్టిన పదిహేడు మంది కొడుకులకూ ఔరేలియానో అనే పేరే. విదేశీ పాఠకులు ఈ పేర్లతో తికమక పడతారని విన్నప్పుడు నవ్వు వచ్చింది. తాత పేరు మనవడికి పెట్టే ఇంట్లో పుట్టిన నాకు పెద్ద సుబ్బయ్య, చిన్న సుబ్బయ్య, బుల్లి సుబ్బయ్యల మధ్య పెరిగిన అనుభవం ఉంది.

మా ఊరి గ్రంథాలయంలోని ఇంగ్లీషు ప్రతిలో ఎవరో పాఠకుడు వెనుక అట్ట లోపలి వైపు పెన్సిలుతో వంశవృక్షం వేసుకున్నాడు. మరొకరు దాన్ని నీలం సిరాతో దిద్ది, ‘ఇతడు ఆమె కొడుకు కాదు, మళ్లీ చదవండి’ అని రాశారు.

సగంలో_ఆపినవాడు
ఆ పెన్సిలు వృక్షం ఎన్నవ తరం వరకు ఉందో చెప్పండి. నా వంటి వాడు వేసినదో కాదో తెలుస్తుంది.

మాకొండో_పాలెం
రెండున్నర తరాల వరకు ఉంది.

ఊరి_చివర_బడి
నల్లరేగడి గారు ఇల్లు, భూమి ఉంటేనే తరాల నవల నిలుస్తుందన్నారు. ఆ మాటను నేను ఖండిస్తున్నాను. ఇల్లు లేని వారికి, భూమి దక్కనివ్వని వారికి తరాలు ఉండవా? జి. కళ్యాణరావు గారి ‘అంటరాని వసంతం’ చదవండి. మాల కుటుంబంలోని తరాలను రూతు అనే వృద్ధురాలు తలపోసుకుంటూ ఉంటుంది. తాను చూసినది కొంత, భర్త రూబెన్ ద్వారా విన్నది కొంత. ఆ కుటుంబంలో కుటుంబ పుస్తకం లేదు, పట్టాలు లేవు, గోడ మీద ఛాయాచిత్రాలు లేవు. ఎల్లన్న కట్టిన పాటలు ఉన్నాయి. ఎల్లన్న వీధినాటకం మనిషి, అతని పాటలో ఏముందో అదే ఆ తరం చరిత్ర. జమీందారుల నవలల్లో దస్తావేజు చేసే పనిని ఇక్కడ పాట చేస్తుంది.

ఆ కుటుంబం ఒక చోట నిలవనూ లేదు. కరువుకు ఊరు వదిలిన వారు, పనుల కోసం కాలినడకన పోయిన వారు, మతం మార్చుకుని కొత్త పేర్లు తీసుకున్న వారు ఉన్నారు. ఎల్లన్న, సుభద్ర, శివయ్య అనే పేర్ల తరువాత రూబెన్, రూతు, ఇమ్మానుయేలు, జెస్సీ అనే పేర్లు వస్తాయి. ఆ పేర్ల వరుస చదివితే చాలు, ఏ తరంలో ఏం జరిగిందో అర్థమవుతుంది. 2000లో వచ్చిన ఆ నవలను ఇప్పటికీ తరాల నవలల పట్టికలో చేర్చడానికి మన విమర్శకులు ఎందుకు తటపటాయిస్తారో నాకు తెలియదు.

నల్లరేగడి
మీ ఖండన సబబుగా ఉంది. భూమికి బదులు పాట ఆ పని చేస్తుందన్నది నాకు కొత్త ఆలోచన. అయినా అక్కడ కూడా చివరి తరాలు విప్లవోద్యమంలోకి వెళ్లే భాగం, ఎల్లన్న భాగమంత నిండుగా ఉందని అనగలరా?

ఊరి_చివర_బడి
అనలేను. ఎల్లన్న, సుభద్రల భాగానికి సాటి రాదు. కానీ ఆ కథ అప్పటికి ముగియలేదు, రచయిత దాని లోపల ఉండి రాస్తున్నాడు. నది ఒడ్డున కూర్చున్న వాడికీ ఈదుతున్న వాడికీ ఒకే వర్ణన రాదు కదా.

గోదారి_రేవు
‘వేయిపడగలు’ సంగతి ఏమిటి? అంత లావు పుస్తకం చర్చలోకి రాకపోవడం అపచారం.

పాత_సంచికలు
అది కుటుంబ నవల కాదు, సుబ్బన్నపేట అనే ఊరి నవల. కోట, గుడి, గణాచారి, దేవదాసి, వీటన్నిటి క్షయమే విశ్వనాథ వారి వస్తువు. ధర్మారావు ఇల్లు అందులో ఒక భాగం మాత్రమే. పి.వి. నరసింహారావు గారు హిందీలోకి ‘సహస్రఫణ్’ పేరుతో తెచ్చినది దీన్నే.

గోదారి_రేవు
ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రి దాతృత్వంతో ఆస్తి కరిగించుకోవడం, కొడుకు ఆ లేమిలో బతకడం, ఇదంతా కుటుంబ కథ కాక మరేమిటి? నాకు అందులో నచ్చినవి ఆ ఇంటి సంగతులే. సిద్ధాంత చర్చలు వచ్చినప్పుడు నిర్మొహమాటంగా పుటలు తిప్పేశాను.

డాలస్_వేపచెట్టు
మనవరాలి తరానికి నిజమైన పని అప్పగించిన నవల ఒకటి ఈ మధ్య చదివాను. ఏబ్రహాం వర్గీస్ 2023లో వెలువరించిన ‘ది కవనెంట్ ఆఫ్ వాటర్’. 1900 నుంచి 1977 వరకు సాగే కేరళ క్రైస్తవ కుటుంబ కథ. ఆ ఇంట్లో ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు నీటిలో మునిగి చనిపోతారు. తాతల కాలంలో అది శాపం, దానికొక వంశవృక్షం పటం కూడా రాసి దాచుకుంటారు. మనవరాలు వైద్యం చదువుతుంది. అంతకుమించి చెబితే చదవబోయే వారికి రుచి చెడుతుంది. పూర్వులు మోసిన ప్రశ్నకు జవాబు వెతకవలసినది ఆఖరి తరమే కనుక, అక్కడ కథ బిగుసుకుంటుందే తప్ప సడలదు. నాకున్న అభ్యంతరం వేరు: మధ్యలో కాకతాళీయాలు మరీ ఎక్కువ, మంచివాళ్లు మరీ మంచివాళ్లు.

అటక_మీది_పుస్తకం
తాతల తరంలోనే ఒక ప్రశ్న నాటి పెట్టకపోతే మనవడికి చేయడానికి పని ఉండదని డాలస్ గారి ఉదాహరణ వల్ల తోస్తోంది. హానోకు కూడా అంతే, ఆ కుటుంబ పుస్తకం మొదటి నుంచీ ఇంట్లో ఉండబట్టే గీతలు గీయగలిగాడు. నా దగ్గరున్న మూడు నవలలను ఈ దృష్టితో మళ్లీ తిరగేస్తాను. సుఖంగా ఉన్న మనవడి మీద మంచి నవల ఎవరికైనా తెలిస్తే మాత్రం తప్పక రాయండి, ఆ ప్రశ్నకు ఇంతవరకు జవాబు రాలేదు.

మూడో_అంతస్తు
రాదు కూడా. సుఖంగా ఉన్నవాడి గురించి వాడి భార్యను అడిగితే అప్పుడు నవల మొదలవుతుంది.

వంటింటి_అలమర
నేను ఇందాకటి నుంచి చెబుతున్నది అదే.

సగంలో_ఆపినవాడు
‘బడెన్‌బ్రూక్స్’ను చివరి భాగం నుంచి మొదలుపెట్టి వెనక్కు చదువుకుంటూ వస్తే ఏమైనా నష్టమా? ఆ విధంగానైనా నాలుగవ తరాన్ని చూసిన ఘనత దక్కుతుంది.

మూడో_అంతస్తు
చదవండి. ఈసారి మీరు ఆపేసేది ముత్తాత దగ్గర అవుతుంది, అంతే.